ఒక పెట్టె, ఇద్దరు మల్లయ్యలు

నిరుడు వానాకాలంలో హైదరాబాద్‌లోని ఫస్ట్ లాన్సర్ బస్తీలో ఉండే ఒకాయన నా దగ్గరకు రేకుపెట్టె పట్టుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. పెట్టె బల్ల మీద పెట్టి, మూత తీయకముందే కథ మొదలుపెట్టాడు.

"మా ముత్తాత మల్లయ్య, సార్. రెండు యుద్ధాలు చేసిండు. హైఫాల గుర్రం మీద బల్లెం పట్టుకొని దూకిండు. తర్వాత జపానోళ్ళ జైల్ల సచ్చిపోయిండు. వెండి మెడల్ ఒకటి ఉండెనట గని ఊళ్ళె అవుసలాయన దాన్ని మార్చి రాగిది పెట్టిండు. గిప్పుడు మిగిలినయి గివే."

ఆ మాటల్లో ఏవి నిలుస్తాయో తేల్చడానికి పదకొండు నెలలు పట్టింది. పాత సైనిక పతకాలు, కాగితాలు, కుటుంబాల దగ్గర మిగిలిపోయిన వస్తువుల వివరం తీసి, వాటిని పాడవకుండా భద్రపరచడం నా పని. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మల్లయ్య అన్నది అసలు పేరు కాదు. ఊరి పేరు, ఇంటిపేరు, పతకాల మీది నంబర్లు కూడా ఇవ్వడం లేదు.

పెట్టెలో ఏడు వస్తువులున్నాయి. గోధుమరంగు గుండ్రటి పతకం ఒకటి. ఆరు మొనల నక్షత్రాలు రెండు. తెల్లలోహపు గుండ్రటి పతకం ఒకటి. మడతల దగ్గర చిరిగిన ఉర్దూ కాగితం. తుప్పు పట్టిన లాడం. పోస్టుకార్డు సైజు ఫోటో. ఆ ఫోటోకే ఎన్లార్జ్‌మెంట్ తీయించి, ఇంట్లో దర్వాజ పైన ముత్తాతగా దండ వేసి పెట్టుకున్నారు.

మొదటిరోజు నేను ఫోటోలు తీసి, కొలతలు రాసుకోవడం తప్ప ఏమీ చేయలేదు. తుడవలేదు, రిబ్బన్లు విప్పలేదు. ఏ పతకానికి ఏ రిబ్బన్ ఉంది, ఏ వస్తువు దేనిలో చుట్టి ఉంది, ఏది పైన ఏది అడుగున ఉంది అన్నది కూడా సాక్ష్యమే. ఒకసారి కదిపితే మళ్ళీ దొరకదు. ఆయన కొంచెం నిరాశపడ్డాడు. వెంటనే మెరిసేట్టు చేసి ఇస్తాననుకున్నాడు. ఇంట్లో ఏటా దసరాకు చింతపండుతో తోముతారట. ఆ మాట వినగానే నా గుండె జారింది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

లెక్క కుదరలేదు

మొదటి అనుమానం పతకాల వల్ల రాలేదు, వయసు లెక్క వల్ల వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళేనాటికే మల్లయ్యకు పెళ్ళీడు కొడుకు ఉన్నాడని కుటుంబం చెబుతోంది. అంటే అప్పటికి నలభైకి దగ్గర. అదే మనిషి 1941లో జపాన్‌తో యుద్ధానికి మలయాకు (ఇప్పటి మలేషియా వైపు) వెళ్ళాడంటే అరవై దాటి ఉండాలి. అరవై దాటిన వాణ్ణి ఏ పటాలమూ ఓడ ఎక్కించదు.

ఇంట్లో దీనికీ ఒక సమాధానం ఉంది. ఉర్దూ కాగితం మీద 1330 అని ఉంది. బంధువుల్లో ఒకరు దాన్ని హిజ్రీ సంవత్సరంగా లెక్కగట్టి 1912 అన్నారు. అంటే యుద్ధానికి ముందే ఒకసారి నౌకరీ విడిచాడు, మళ్ళీ పిలిచారు, మళ్ళీ వెళ్ళాడు, ఇట్లా పొడిగించుకుంటూ పోయారు. ఒక తప్పు తేదీని నిలబెట్టడానికి కథ ఎంత దూరం సాగుతుందో నేను చాలా ఇళ్ళలో చూశాను.

నిజాం రాజ్యపు దఫ్తర్లలో హిజ్రీతో పాటు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కూడా నడిచేది. సర్కారు కాగితాల్లో ఎక్కువగా కనిపించేది ఫసలీయే. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలవుతుంది. తేదీ పక్కన ముహర్రం, సఫర్ లాంటి నెల ఉంటే హిజ్రీ. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ లాంటి నెల ఉంటే ఫసలీ. మన కాగితంలో చిరిగిన మడతకు పక్కనే "బహమన్" స్పష్టంగా ఉంది. కాబట్టి అది 1330 ఫసలీ, అంటే 1920 చివర లేదా 1921 మొదట. అది యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఇచ్చిన విడుదల కాగితం. మధ్యలో ఉద్యోగం మానడం, మళ్ళీ చేరడం అన్న కథ మొత్తం ఆ ఒక్క నెల పేరుతో పోయింది.

కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. పేరుకు ముందు "సాయీస్" అని. దాన్ని ఇంట్లో ఎవరూ పైకి చదవలేదు. చదివినవాళ్ళు చెప్పలేదో, చదవడం రాలేదో నాకు తెలియదు. సయీసు అంటే గుర్రాలను చూసుకునేవాడు.

గోధుమరంగు పతకం

అది బ్రిటిష్ వార్ మెడల్. ముందువైపు ఐదవ జార్జి తల. వెనకవైపు గుర్రం మీద ఒళ్ళంతా దిగంబరంగా ఉన్న యువకుడు, గుర్రం కాళ్ళ కింద గద్ద గుర్తున్న డాలు, పుర్రె, ఎముకలు. 1914, 1918 అంకెలు. మొత్తం దాదాపు 65 లక్షలు ముద్రించారు. అందులో అత్యధికం వెండివి. అందుకే మన దగ్గర అవి ఎక్కువగా మిగల్లేదు. కరువొస్తే, పెళ్ళొస్తే కరిగించారు. 1980 జనవరిలో వెండి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ప్రపంచమంతటా ఇవి కుప్పలుగా కొలిమిలోకి పోయాయి. జుమ్మెరాత్ బజార్‌లో ఒకప్పుడు ఈ పతకాలను తూకం లెక్కన అమ్మడం నేనే చూశాను.

అయితే సుమారు 1,10,000 పతకాలను కంచుతో కూడా ముద్రించారు. చైనా, మాల్టా, భారత కూలీ దళాలకు, భారత దళాల వెంట వెళ్ళిన కొందరు సేవకులకు అవే ఇచ్చారు. అదే ఎండలో నిలబడ్డా, అదే ఓడలో పోయినా, బల్లెం పట్టినవాడికి వెండి, గుర్రానికి నీళ్ళు పెట్టినవాడికి కంచు. ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు అవుసలాయన (కంసాలి) సంగతి. పతకం అంచు మీద ఒకచోట గీటురాయికి రుద్దిన గుర్తు ఉంది. అంటే ఎవరో అది వెండా కాదా అని చూశారు. మార్పిడి చేసినవాడు మళ్ళీ గీటురాయి మీద రుద్దడు. అది నాకు మొదటి సూచన. అసలు ఆధారం మాత్రం అంచు మీది అక్షరాలు.

ఈ పతకాల మీద ఎవరికిచ్చారో వారి నంబరు, హోదా, పేరు, దళం అంచు చుట్టూ కొట్టి ఉంటాయి. ఆ అంచును చదవడానికి నేను గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక చిన్న దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెడతాను. అరిగిపోయిన అక్షరం గుంట నీడ పడి లేచి వస్తుంది. పతకాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో అక్షరానికీ ఫోటో తీయాలి. రెండు సాయంత్రాలు పట్టింది. నంబరు వచ్చింది. తర్వాత "సైస్" అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. తర్వాత పేరు. చివర హైదరాబాద్ లాన్సర్లు (బల్లేలు పట్టే గుర్రపు దళం) అని కుదించిన మాట.

పేరు చదవడంలో ఇంకో చిక్కుంది. మల్లయ్యను ఏ గుమాస్తా ఎట్లా విన్నాడో అట్లా రాశాడు. ఒకచోట మొదటి అచ్చు "ఎ", ఇంకోచోట "యు". ఒకచోట చివర "ఎహెచ్", ఇంకోచోట వట్టి "ఎ". ఇంటిపేరు ఎక్కడా ఉండదు. తెలుగువాళ్ళ పేర్లు వెతికేవాళ్ళు కనీసం ఆరేడు స్పెల్లింగులు ముందే రాసిపెట్టుకోవాలి. ఇంటిపేరుతో వెతికితే మాత్రం ఏమీ దొరకదు.

పతకం వ్యాసం 36 మిల్లీమీటర్లు నిండుగా ఉంది. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కితే అంచు పలచబడి వ్యాసం తగ్గుతుంది. ఇక్కడ తగ్గలేదు. పోతపోసిన నకళ్ళలో కనిపించే గాలి బుడగల గుంటలు లేవు, గుర్రం జూలులో గీతలు పదునుగా ఉన్నాయి. ఇది సర్కారు ఇచ్చిన అసలు పతకం. మొదటినుంచీ కంచుదే. ఊళ్ళో ఉన్న అవుసలి దీన్ని మార్చాలంటే సయీసు మల్లయ్య పేరు, నంబరు కొట్టిన కంచు పతకం ఇంకొకటి ఆయన దగ్గర ఉండాలి.

ఆయన ఏం చేసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. అమ్మడానికో కుదువపెట్టడానికో తెస్తే, రుద్ది చూసి, ఇది వెండి కాదు అని ఉన్న మాట చెప్పాడు. లాన్సర్లలో ఉన్న పక్కింటివాడి దగ్గర వెండిది ఉంది కాబట్టి అవుసలాయన దొంగ అయ్యాడు. నూరేళ్ళు ఆ నింద ఆ ఇంటి మీద ఉంది. రెండు కుటుంబాల మధ్య పెళ్ళిళ్ళకు పిలుపుల్లేవు.

హైఫా గురించి నేను చెప్పాల్సి వచ్చిన మాట

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. ఆయన్ను పిలిపించి, చాయ్ ఇచ్చి చెప్పాను.

హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు 1914లో మైసూర్, పటియాలా లాన్సర్లతో కలిసి ఈజిప్టుకు వెళ్ళారు. జోధ్‌పూర్ లాన్సర్లు ఫ్రాన్స్ నుంచి వచ్చి 1918లో వాళ్ళతో కలిశారు. ఆ బ్రిగేడ్‌నే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్ అన్నారు. సూయజ్ కాలువ దగ్గర, తర్వాత సైనాయ్, పాలస్తీనాల్లో ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాలవే. 1918 సెప్టెంబర్ 23న పాలస్తీనా రేవు పట్టణం హైఫా మీద గుర్రాలతో దూకింది మాత్రం జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లకు అప్పుడు యుద్ధఖైదీల పని అప్పగించారు. తీన్ మూర్తిలో మన విగ్రహం ఉంది కాబట్టి హైఫా దాడిలో మనవాళ్ళూ ఉన్నారని మన ఊళ్ళో చాలామంది నమ్ముతారు. ఈయన ఇంట్లోనూ అదే జరిగింది.

"మరి ముత్తాత ఏం చేసిండు సార్?" అని అడిగాడు. గొంతులో జీవం లేదు. పిల్లలకు ఏం చెప్పాలన్నది ఆయన బాధ.

నేను గుర్రాల లెక్క చెప్పాను. ఎండలో గుర్రం రోజుకు ముప్ఫై, నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. సైనాయ్‌లో ఆ నీళ్ళు ఎక్కడినుంచో మోసుకు రావాలి, లేదా గుర్రాలనే వరసలో బావి దాకా నడిపించి తేవాలి. 1918 ఎండాకాలంలో ఈ బ్రిగేడ్ జోర్డాన్ లోయలో ఉంది. సముద్రమట్టానికి దిగువనున్న నేల అది. దుమ్ము, మలేరియా, నలభై డిగ్రీలు దాటిన వేడి. తెల్లారకముందే లేచి దాణా పెట్టడం, జీను కింద పుండు పడిందేమో చూడడం, లాడం వదులైందేమో డెక్క ఎత్తి చూడడం సయీసుల పని. గుర్రం కుంటితే రౌతు కాలినడకవాడే అవుతాడు. ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు. అశ్వదళం ఎట్లా నడుస్తుందో తెలిసిన ఎవరైనా ఇదే చెబుతారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టెలోంచి లాడం తీసి చేతిలో పెట్టుకున్నాడు. "అందుకేనా ఇది దాచిండు?"

అందుకే అని నేను అనలేకపోయాను. లాడం మీద అక్షరం లేదు, గుర్తు లేదు. పాలస్తీనాదో, ఫస్ట్ లాన్సర్ గుర్రపుశాలదో, వీధిలో దొరికిందో తేల్చే మార్గం లేదు. దానికి నేను రాసిన చీటీలో "కుటుంబంలో మల్లయ్యది అని చెప్పుకునే లాడం" అని మాత్రమే ఉంది. నమ్మకాన్ని నమ్మకంగా రాయాలి, రుజువును రుజువుగా రాయాలి. రెండింటినీ ఒకే సిరాతో రాస్తే తర్వాతి తరానికి మనం చేసేది అన్యాయం.

నేను దారి తప్పిన చోటు

మిగిలిన మూడు రెండో ప్రపంచయుద్ధానివి. 1939-45 స్టార్, పసిఫిక్ స్టార్, వార్ మెడల్. నక్షత్రాలు పసుపు లోహంవి. వార్ మెడల్ మీద సింహం రెండు తలల డ్రాగన్‌ను తొక్కుతూ ఉంటుంది. పసిఫిక్ స్టార్‌కు ఉండాల్సిన ఆకుపచ్చ, పసుపు రిబ్బన్ ముక్క తీసి, ఎవరో కంచు పతకానికి కుట్టారు. అన్నీ ఒకరివే అన్న భావన ఇంట్లో బలపడడానికి అదీ కారణమే. రిబ్బన్‌ను నమ్మకూడదు. అది ఊడుతుంది, చిరుగుతుంది, ఎవరైనా మారుస్తారు.

భారత ప్రభుత్వం ఇచ్చిన రెండో యుద్ధపు పతకాల మీద పేర్లు ఉంటాయి. బ్రిటన్‌లో సిపాయిలకు ఇచ్చినవాటి మీద అవి కూడా ఉండవు. కానీ ఇక్కడ నక్షత్రాల వెనక ఎప్పుడో పిన్నులు అతికించారు, పెళ్ళిలో ఎవరో ఆడపిల్ల చీరకు పెట్టుకోవడానికట. పేరు ఉండాల్సిన చోట టంకం ముద్ద. వార్ మెడల్ అంచు ఒక్కటే మిగిలింది. దాన్ని ఏటా చింతపండు తిన్నది. నంబరు దక్కింది, పేరు సగం దక్కింది, దళం పేరులో మొదటి "హైద్" తప్ప అంతా నున్నగా అరిగిపోయింది. ఆ నంబరు కంచు పతకం మీది నంబరు కాదు.

నంబరు వేరైనప్పుడే మనిషి వేరని నేను గట్టిగా అనుకోవాల్సింది. అనుకోలేదు. యుద్ధానికీ యుద్ధానికీ నంబరు మారి ఉంటుందని సర్దుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. "హైద్" అంటే హైదరాబాద్ రెజిమెంట్ అనుకుని, 1941-42లో మలయాలో ఉన్న 4/19 హైదరాబాద్ రెజిమెంట్ (19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో 4వ బెటాలియన్) వివరాల్లో రెండు నెలలు పోగొట్టుకున్నాను. 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర దెబ్బతిన్న బెటాలియన్ అది. అక్కడ మల్లయ్య దొరకడు. హైదరాబాద్ రెజిమెంట్ పేరుకే హైదరాబాద్. నిజాం ఖర్చుతో బ్రిటిష్‌వాళ్ళు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ వారసురాలు అది. 1903 తర్వాత పూర్తిగా బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిసిపోయింది. అందులో ఎక్కువగా ఉన్నది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మారింది.

అదే మలయాలో, అదే సమయంలో, హైదరాబాద్ పేరుతో ఇంకో బెటాలియన్ కూడా ఉంది. నిజాం సొంత సైన్యం నుంచి వెళ్ళిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. ఇలాంటి కేసు చేతికొచ్చిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: "హైదరాబాద్" అన్న మాట కనబడగానే ఏ హైదరాబాద్ అని అడగండి. కంటింజెంటా, సంస్థానం సైన్యమా, రెజిమెంటా. మూడూ వేరు.

1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉన్నది కోటా బారు విమానాశ్రయం కాపలాకు. 1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సేనలు దిగింది ఆ తీరం మీదనే, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి గంటకు పైగా ముందే. ఆ గందరగోళంలో విమానాశ్రయం దగ్గర బెటాలియన్ చెదిరిపోయింది, దాని కమాండర్ ప్రాణం పోయింది. ఆ రాత్రి గురించి మంచి మాటలు రాసినవాళ్ళు తక్కువ. రిపోర్టులో అది కూడా రాశాను. రేపు కుటుంబంలో ఎవరో చదువుకున్న పిల్ల తానుగా చదివి తెలుసుకునేకంటే, నా నోటి నుంచి వినడం మేలు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. నలభై వేలకు పైగా భారతీయ సైనికులు బందీలయ్యారు.

మేనత్త

ఇంతవరకు చేసిన పనిలో ఒక లోపం ఉంది. కాగితాలనూ లోహాలనూ అడిగాను గాని మనుషులను సరిగా అడగలేదు. మీ ఇంటి ఆడపడుచుల్లో బతికున్న పెద్దావిడ ఎవరు అని అడిగితే, ఆయన కొంచెం ఆలోచించి, సిద్దిపేట వైపు ఒక ఊళ్ళో మేనత్త ఉందన్నాడు. తొంభైకి దగ్గర. చిన్నప్పుడే పెళ్ళయి వెళ్ళింది. రాకపోకలు తక్కువ.

ఫోటో తీసుకుని వెళ్ళాం. నాకు దాని మీద అప్పటికే అనుమానం ఉంది. అందులోని కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయి. ఖాకీ నిక్కరు, పొట్టి చేతుల చొక్కా, పక్కకు వాల్చిన టోపీ. అది 1914 నాటి సయీసు వేషం కాదు, వయసూ కాదు. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చేతికిచ్చాను, అంతే. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"మా మల్లన్న," అంది.

"ముత్తాత మల్లయ్యనా, అత్తా?" అని ఆయన అడిగాడు.

"తాత యాడికెల్లి అస్తడు బిడ్డా? తాతను నేను సూడనే లేదు. తాత పోయినంకనే మా అన్న పుట్టిండు. గందుకే గా పేరు పెట్టిన్రు. ఈయన మా అన్న. నాకు ఆరేండ్లప్పుడు సింగపూరు పోయిండు. వంట చేసేటోడు పటాలంల."

తెలుగిళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం మనకు కొత్త కాదు. అది గుర్తుంచుకోవాల్సిన నేనే మర్చిపోయాను. సయీసు మల్లయ్య 1921లో ఇంటికి తిరిగొచ్చి కొన్ని నెలలకే జ్వరంతో పోయాడు. ఆ ఏడే పెద్దకొడుక్కి పుట్టిన పిల్లవాడికి ఆయన పేరు పెట్టారు. నా దగ్గరకు పెట్టె తెచ్చినాయన చిన్నకొడుకు వంశం.

పతకాలు ఎట్లా కలిశాయో కూడా ఆమే చెప్పింది. టపాలో చిన్న డబ్బా వచ్చిందట. వాళ్ళమ్మ విప్పి చూసి, "నా కొడుకు అచ్చినంక పెట్టుకుంటడు" అని మామగారి పెట్టెలో పెట్టి తాళం వేసింది. కొడుకు చనిపోయాడన్న మాట ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. ఫోటోకు దండ వేయనివ్వలేదు. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు మామ పేరు చెప్పేది, అత్త పేరు చెప్పేది, తర్వాత పెనిమిటి పేరు చెప్పేది. కొడుకు పేరు చెప్పనిచ్చేది కాదు. బతికున్నోళ్ళ పేరు మీద బియ్యమిస్తారా అని కొట్లాడేది.

ఆ పిల్లవాడికి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. పెత్రమాసకు పేరు పలకలేదు. తల్లి పోయాక పెట్టె తెరిచినవాళ్ళకు రెండు యుద్ధాల పతకాలు, ఒక ఫోటో, ఒకే పేరు కనిపించాయి. ఆ పేరుగల మనిషి వాళ్ళకు తెలిసినంతవరకు ఒక్కడే. మనవడి చావు తాత కథలో కలిసింది. మనవడి ముఖం తాత ముఖమై గోడకెక్కింది.

తండ్రి పేరు, ఊరి పేరు చేతికొచ్చాక మిగతాది ఒక గంట పని. యుద్ధాల్లో పోయిన సైనికుల పేర్లుండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాను ఎవరైనా ఉచితంగా ఇంటర్నెట్‌లో వెతకొచ్చు. భారతీయ సైనికుల వివరాల్లో చాలాసార్లు తండ్రి పేరు, ఊరు, జిల్లా లేదా సంస్థానం కూడా ఉంటాయి. నా జాబితాలోని ఐదో స్పెల్లింగుకు దొరికాడు. కుక్, 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ, ఇండియన్ స్టేట్ ఫోర్సెస్. ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, హైదరాబాద్ స్టేట్. నంబరు వార్ మెడల్ అంచు మీదిదే, ఒక్క అంకె తేడా లేదు. సమాధి లేదు. సింగపూర్‌లో క్రాంజీ దగ్గర ఉన్న స్మారకం గోడ మీద 24,000కు పైగా పేర్లున్నాయి, అందులో ఆయనదొకటి. చనిపోయింది 1943 జూలై నడుమ, బందీగా.

ఆ వివరం చదివి వినిపించడానికి మళ్ళీ సిద్దిపేట వైపు వెళ్ళాం. తేదీ చెప్పగానే ఆమె అడిగింది ఒక్కటే. "అది మన ఏ నెల?"

పాత పంచాంగం చూసుకునే వెళ్ళాను. ఆషాఢం అన్నాను.

"బోనాల నెల," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

భద్రం

పెట్టెను రెండుగా విడదీశాను. సయీసు మల్లయ్యకు కంచు పతకం, ఉర్దూ కాగితం, లాడం. కుక్ మల్లయ్యకు మూడు పతకాలు, ఫోటో. కంచు పతకానికి దాని సొంత రిబ్బన్, నడుమ నారింజ, రెండు పక్కలా తెలుపు, నలుపు, అంచులకు నీలం, కొత్తది తెప్పించి వేశాను. పాత ఆకుపచ్చ ముక్కను పారేయలేదు, పసిఫిక్ స్టార్ పక్కన విడిగా పెట్టాను. నక్షత్రాల వెనక టంకం తీయలేదు. వేడిచేస్తే కింద ఉన్న అక్షరాలూ పోవచ్చు. ఆ పిన్ను కూడా ఇప్పుడు వాటి చరిత్రలో భాగమే, ఏదో పెళ్ళిలో ఏదో ఆడపిల్ల మురిపెంగా పెట్టుకున్నది.

పతకాలను ఆమ్లం లేని కాగితంలో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టాను. స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, మన ఉక్కపోతకు అవి చెమర్చి లోహాన్ని ఆకుపచ్చగా తింటాయి. ఉర్దూ కాగితాన్ని మడతలు విప్పి చదునుగా ఉంచాలి, లామినేషన్ ఎప్పటికీ చేయకూడదు. చింతపండు, ఇటుకపొడి, నిమ్మకాయ, తోమే పొడులు ఏవీ వద్దు. మెరుపు కోసం తోమిన ప్రతిసారీ ఒక అక్షరం అరుగుతుంది. ఈ ఇంట్లో దళం పేరు అట్లాగే పోయింది, ఇంకొన్నేళ్ళు తోమితే నంబరు కూడా పోయేది. నంబరు పోతే క్రాంజీ గోడ మీది ఆ పేరు ఈ ఇంటిదని చెప్పే ఆధారమే ఉండేది కాదు.

ఆయన ఈ పెత్రమాసకు మేనత్తను ఇంటికి తీసుకొచ్చాడు. బియ్యమిచ్చేటప్పుడు మల్లయ్య పేరు రెండుసార్లు చెప్పించిందట. మొదటిసారి తాత అని, రెండోసారి అన్న అని. గోడ మీది ఫోటో కింద చీటీ మార్చారు.

దసరా ముందు ఆయన ఫోన్ చేసి, కంచు పతకం ఊరికి తీసుకుపోవచ్చా అని అడిగాడు. తీసుకుపొమ్మన్నాను. అవుసలాయన మనవడు ఇప్పటికీ అక్కడే కొట్టు నడుపుతున్నాడు. ఈయన వెళ్ళి ఆ కొట్టు మెట్ల మీద కూర్చుని, సంగతి మొత్తం చెప్పి, పతకం చేతిలో పెట్టాడట. ఆయన ఏమీ అనలేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, పతకాన్ని వెలుతురుకు ఎత్తి, అంచు తిప్పుకుంటూ ఒక్కో అక్షరం పైకి చదివాడు. "ఎస్, వై, సి, ఇ" దాకా వచ్చి ఆగి, లోపలికి తిరిగి, రెండు చాయ్‌లు చెప్పాడు.